క్షయం కూడిక, విచ్ఛిత్తి గుణకారం

అక్కకి థైరాయిడ్ ఆపరేషన్ అయిన కొన్ని వారాలకి అయోడిన్-131 అనే రేడియోధార్మిక మందు ఇవ్వాలన్నారు డాక్టర్లు. క్యాప్సూల్ మింగించి, కొన్ని రోజులు విడి గదిలో ఉంచి, ఆ తర్వాత జాగ్రత్తలు చెప్పి ఇంటికి పంపుతారు. క్యాప్సూల్ మింగిన రోజు రాత్రి బావ ఫోన్ చేశారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు.

"పక్క గదిలో కూడా ఇదే మందు వేసుకున్నావిడ ఉందట. ఆ పక్కన ఇంకొకాయన. రేడియేషన్ ఉన్నవాళ్లందరినీ ఇలా వరసగా పెడితే ఒకరిది ఒకరికి అంటుకుని పెరిగిపోదా? ఏదో ఒక స్థాయి దాటిందనుకో... నువ్వు ఫిజిక్స్ చెప్పేవాడివి, దాచకుండా చెప్పు."

ఆ మాట ఆయన పూర్తి చెయ్యలేదు. స్థాయి దాటితే ఏమవుతుందని ఆయన భయపడుతున్నారో నాకు తెలుసు. మనందరి బుర్రల్లోనూ ఉన్న బొమ్మే అది, పుట్టగొడుగులా లేచే పొగ.

"పెరగదు బావా," అన్నాను. "ఇద్దరి దగ్గరున్నది కలిపితే ఇద్దరిదీ అవుతుంది, అంతే. కూడిక. గుణకారం కాదు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. బావ అడిగింది తెలివితక్కువ ప్రశ్న కాదు. అసలైన చోటే వేలు పెట్టి అడిగారు. ఆయన చదివిన పుస్తకాలూ, చూసిన వార్తలూ 'అణు' అనే ఒక్క మాట కింద రెండు వేరువేరు సంగతుల్ని కలిపి కుక్కేశాయి. నేనూ అందులో భాగమే. ఏళ్ల తరబడి క్లాసులో ఒక పట్టిక రాయించాను. ఎడమవైపు రేడియోధార్మిక క్షయం, అంటే పరమాణువు మధ్యలోని కేంద్రకం తనంతట తాను మారుతూ కణాల్ని విసరడం: సహజం, నెమ్మది, తక్కువ శక్తి. కుడివైపు కేంద్రక విచ్ఛిత్తి, అంటే న్యూట్రాన్ తగిలి కేంద్రకం రెండుగా చీలడం: కృత్రిమం, వేగం, ఎక్కువ శక్తి. పిల్లలు బట్టీ పట్టారు, మార్కులు తెచ్చుకున్నారు. ఆ పట్టికలో ఒక్క వరస కూడా అసలు తేడాని పట్టుకోలేదని ఇప్పుడు నా గట్టి నమ్మకం. ఈ వ్యాసం దాని గురించే.

ఆ వరసలు ఎందుకు నిలబడవో ముందు చెప్పేస్తాను. క్షయం సహజమా? అక్క మింగిన అయోడిన్-131 మనిషి తయారుచేసింది. 1934లో ఐరీన్, ఫ్రెడరిక్ జోలియో-క్యూరీలు అల్యూమినియం మీద ఆల్ఫా కణాల్ని కొట్టి, ప్రకృతిలో దొరకని రేడియోధార్మిక ఫాస్ఫరస్‌ని పుట్టించినప్పటి నుంచీ మనం కృత్రిమ రేడియోధార్మిక పదార్థాల్ని తయారుచేస్తూనే ఉన్నాం. పోనీ విచ్ఛిత్తి కృత్రిమమా? ఆఫ్రికాలోని గాబన్ దేశంలో ఓక్లో అనే చోట, దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట, భూమిలోని యురేనియం ఖనిజంలో నీళ్లు చేరి దానంతటదే రియాక్టర్‌లా నడిచింది. 1972లో ఫ్రాన్స్‌లో ఆ ఖనిజాన్ని పరీక్షించినవాళ్లు, విచ్ఛిత్తిలో ఖర్చయ్యే రకమైన యురేనియం-235 ఉండాల్సిన 0.720 శాతానికి బదులు 0.717 శాతమే ఉందని గమనించి, తీగ లాగితే ఈ డొంకంతా కదిలింది. ఇక 'నెమ్మది' సంగతి. పొలోనియం-214 అర్ధాయువు, అంటే ఉన్న కేంద్రకాల్లో సగం మారిపోవడానికి పట్టే కాలం, సెకనులో 6,000వ వంతు. 'తక్కువ శక్తి' అన్నదీ అంతే. పొలోనియం-210 ఒక్క గ్రాము 140 వాట్ల వేడిని పుట్టిస్తుంది, విచ్ఛిత్తి అవసరమే లేకుండా. 1977లో బయల్దేరిన వోయేజర్ నౌకలు రెండూ ప్లుటోనియం-238 క్షయం నుంచి వచ్చే వేడితోనే పనిచేస్తూ గ్రహాలన్నిటినీ దాటి వెళ్లాయి. వాటిలో రియాక్టర్ ఉందని రాసేవాళ్లున్నారు. లేదు. అందులో ఉన్నది దానంతటదే వేడెక్కే పదార్థం, ఆ వేడిని కరెంటుగా మార్చే ఏర్పాటు.

మరి తేడా ఎక్కడుంది?

మొదటిసారి నాకది కళ్లకి కనిపించింది ఒక క్లౌడ్ చాంబర్ ముందు. కంటికి కనిపించని కణాల దారుల్ని గీతలుగా చూపించే పెట్టె అది. అడుగున డ్రై ఐస్, పైన ఆల్కహాల్‌లో తడిపిన ఫెల్ట్ గుడ్డ, మధ్యలో గాజు పెట్టె. పక్కనుంచి టార్చి వేస్తారు. లోపల ఆల్కహాల్ ఆవిరి మంచులా కిందికి దిగుతూ ఉంటుంది. అందులో థోరియం కలిసిన వెల్డింగ్ కడ్డీ ముక్క ఒకటి పెట్టారు. మొదటి నిమిషం ఏమీ లేదు. తర్వాత కడ్డీ పక్కన, సుద్దముక్కతో గీసినట్టు, పొట్టిగా లావుగా ఒక తెల్లటి గీత. నేను "అదిగో" అనేలోపే చెదిరిపోయింది. అది ఆల్ఫా కణం దారి. కాసేపాగి రెండు ఒకేసారి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మధ్యమధ్యలో సన్నగా వంకరటింకరగా పాకే బీటా గీతలు. అక్కడ అరగంట నిలబడ్డాను. ఎప్పుడొస్తుందో, ఎటు పోతుందో ఒక్కసారి కూడా ముందుగా చెప్పలేకపోయాను. ఒక గీత వచ్చిందని పక్క గీత తొందరపడలేదు. రాలేదని ఆలస్యం చెయ్యనూ లేదు.

థోరియం-232 అర్ధాయువు 1,400 కోట్ల ఏళ్లు. భూమి పుట్టి 450 కోట్ల ఏళ్లే అయింది. అంటే ఆ కడ్డీలోంచి నా కళ్లముందు బయటపడిన ఆల్ఫాల్లో కొన్ని, భూమి పుట్టకముందు నుంచీ కదలక మెదలక ఉన్న కేంద్రకాల్లోంచి వచ్చాయి. ఆ క్షణం ఎందుకు? కారణం లేదు. వేడి చెయ్యండి, గడ్డకట్టించండి, ఆమ్లంలో కరిగించండి, ఒత్తిడి పెట్టండి, దానికి పట్టదు. ఎలక్ట్రాన్లతో సంబంధమున్న కొన్ని రకాల క్షయాల్లో మాత్రం, ఎలక్ట్రాన్లు మొత్తం ఊడబెరికితే రేటు మారుతుందని ప్రయోగశాలల్లో చూశారు. అది అరుదైన మినహాయింపు. ఆల్ఫా విషయంలో 1928లో భౌతిక శాస్త్రవేత్త గామోవ్, అదే సంవత్సరం విడిగా గర్నీ, కాండన్ చెప్పింది ఇది: కేంద్రకం చుట్టూ ఉన్న శక్తి గోడని ఎక్కి దాటేంత బలం ఆ కణానికి లేదు, కానీ గోడకి అవతల తేలే సంభావ్యత కొంచెం ఉంది. ప్రతి క్షణం అదే సంభావ్యత. నిన్న తేలలేదు కాబట్టి ఇవాళ తేలే అవకాశం పెరగదు. 100 సార్లు ఆరు పడకపోయినా పాచికకి అది గుర్తుండదు కదా, అలాగే.

ఇక్కడ మన మాటతో నాకొక పేచీ ఉంది. 'క్షయం' అనగానే మనకి క్షయ వ్యాధి గుర్తొస్తుంది. లోపల్లోపల అరిగి, శుష్కించి, చివరికి రాలిపోవడం. పండిన పండు తొడిమ నుంచి ఊడినట్టు కేంద్రకం విడిపోతుందని రాసిన పాఠాలు చూశాను. ఆ పోలిక తప్పు. పండుకి వయసుంది, కేంద్రకానికి లేదు. 447 కోట్ల ఏళ్ల అర్ధాయువున్న యురేనియం-238 కేంద్రకం ఒకటి ఇప్పటిదాకా మిగిలిందంటే, అది ముసలిదై లేదు. నిన్న పుట్టిన దానికీ దీనికీ ఎవరూ తేడా చూపించలేరు. క్షయించేది కుప్ప. కేంద్రకం క్షయించదు, ఉన్నట్టుండి మారుతుంది. ఈ ఒక్క వాక్యం చెప్పాకే పిల్లలకి అర్ధాయువు సూత్రం చెప్పాలి. చెప్పకుండా సూత్రం బోర్డు మీద రాస్తే, సగం క్లాసు "8 రోజుల్లో సగం పోతే 16 రోజులకి మొత్తం పోతుంది" అని లెక్కేస్తుంది.

క్షయం ఎవరి గొడవ వాళ్లది. ప్రతి కేంద్రకం ఒంటరిగా, పక్కవాడితో నిమిత్తం లేకుండా మారుతుంది. మీరూ నేనూ కూడా రేడియోధార్మికులమే. ఒక్కో మనిషి ఒంట్లో పొటాషియం-40 సెకనుకి 4,000కి పైగా సార్లు క్షయం చెందుతూ ఉంటుంది. వెయ్యిమంది ఒక హాల్లో కూర్చుంటే వెయ్యి రెట్లవుతుంది. అంతకంటే ఒక్కటి కూడా ఎక్కువ కాదు.

ఇప్పుడు విచ్ఛిత్తికి వద్దాం. దాన్ని కనిపెట్టిన కథే ఈ గందరగోళానికి మంచి ఉదాహరణ, ఎందుకంటే ఆనాటి మహామహులు కూడా విచ్ఛిత్తిని క్షయమనే అనుకున్నారు. 1934లో రోమ్‌లో ఫెర్మీ బృందం యురేనియం మీదికి న్యూట్రాన్లని పంపింది. కొత్త రేడియోధార్మికత కనిపించింది. అప్పటికి తెలిసిన కేంద్రకాలన్నీ చిన్న చిన్న పెచ్చులే విసిరేవి. ఆల్ఫా అంటే 2 ప్రోటాన్లు, 2 న్యూట్రాన్లు. బీటా అంటే ఒక ఎలక్ట్రాన్. కాబట్టి యురేనియం న్యూట్రాన్‌ని మింగి, బీటా విసిరి, యురేనియం కంటే బరువైన కొత్త మూలకంగా మారి ఉంటుందనుకున్నారు. అదే ఏడాది ఇడా నొడాక్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త, కేంద్రకం పెద్ద ముక్కలుగా విరిగి ఉండొచ్చు కదా అని రాసింది. ఎవరూ పట్టించుకోలేదు. కళ్లముందు చీలిపోతున్నదాన్ని నాలుగేళ్ల పాటు ప్రపంచం క్షయం లెక్కలోనే వేసుకుంది.

1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఆటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియంలోంచి పుట్టిన రేడియం అనుకున్నదాన్ని రసాయనికంగా విడదీయబోతే అది బేరియంగా తేలింది. యురేనియం నంబరు 92, బేరియం నంబరు 56. పెచ్చులు ఊడితే 92 నుంచి 90కో 88కో దిగాలి, 56కి ఎలా దిగుతుంది? హాన్ ఆ సంగతి భౌతిక శాస్త్రవేత్త లీజ్ మైట్నర్‌కి ఉత్తరం రాశాడు. ఆమె ఆ జట్టులో ముప్పయ్యేళ్లు పనిచేసి, యూదు కుటుంబంలో పుట్టినందుకు కొన్ని నెలల ముందే జర్మనీ నుంచి తప్పించుకుని స్వీడన్ చేరింది. క్రిస్మస్ సెలవులకి వచ్చిన అక్క కొడుకు ఆటో ఫ్రిష్‌తో మంచులో నడుస్తూ, ఒక మొద్దు మీద కూర్చుని కాగితం ముక్క మీద లెక్క వేసింది. కేంద్రకం నీటిబొట్టులా సాగి, నడుము సన్నబడి, రెండుగా తెగితే? ఆ రెండు ముక్కలూ ధనావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటే వచ్చే శక్తి 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు (ఒక్కో కేంద్రకం నుంచి వచ్చే శక్తిని కొలిచే చిన్న కొలత ఇది). తగ్గిన ద్రవ్యరాశిని శక్తిగా మార్చి చూస్తే అదీ అంతే వచ్చింది. రెండు లెక్కలూ కలిశాయి. మామూలు ఆల్ఫా క్షయంలో వచ్చేది 40, 50 లక్షలు.

కణం రెండుగా చీలడాన్ని ఏమంటారని ఒక జీవశాస్త్రవేత్తని అడిగి, ఫ్రిష్ ఆ పేరే దీనికి పెట్టాడు. 1944 సంవత్సరపు రసాయన నోబెల్ హాన్ ఒక్కడికే ఇచ్చారు. మైట్నర్‌కి ఇవ్వకపోవడం అన్యాయమని నేను ప్రతి ఏడాదీ క్లాసులో చెబుతాను, చెబుతూనే ఉంటాను.

మైట్నర్ లెక్కలోని 20 కోట్లే అసలు తేడా అని చాలామంది అక్కడ ఆగిపోతారు. నలభై రెట్ల శక్తి గొప్పదే. కానీ నలభై రెట్లతో బాంబులు తయారవవు, నగరాలు వెలగవు. ఒక కిలో యురేనియం-235ని ఊరికే ఉంచండి. అందులో సెకనుకి 8 కోట్ల కేంద్రకాలు క్షయం చెందుతుంటాయి. ఇంత పెద్ద సంఖ్య విన్నాక, దాని వేడి 100 మైక్రోవాట్లు కూడా ఉండదంటే నమ్మబుద్ధి కాదు. చేత్తో పట్టుకుంటే వెచ్చదనమే తెలియదు. అదే లోహంలో ఒక్క గ్రాము పూర్తిగా విచ్ఛిత్తి చెందితే, ఒక రోజంతా 1 మెగావాట్ చొప్పున ఇచ్చేంత వేడి వస్తుంది. ఇంత అంతరం నలభై రెట్ల వల్ల రాలేదు. మైట్నర్ బొట్టు తెగినప్పుడు, రెండు ముక్కలతో పాటు సగటున 2.4 న్యూట్రాన్లు బయటపడటం వల్ల వచ్చింది. ఏ న్యూట్రాన్ తగిలి కేంద్రకం చీలిందో, అలాంటి న్యూట్రాన్లనే అది మళ్లీ బయటికి వదులుతోంది. కొట్టిన రాయి ఒకటైతే ఎగిరిన రాళ్లు రెండు మూడు. అవి పక్కవాటిని కొడతాయి. దీన్నే శృంఖల చర్య అంటారు. ఇక్కడ ప్రతి కేంద్రకం బతుకూ పక్క కేంద్రకంతో ముడిపడింది.

కాబట్టి క్షయానికి లేని ఒక గుణం దీనికొచ్చింది. ఎంత ఉందన్నదే కాదు, ఏ ఆకారంలో ఉంది, చుట్టూ ఏముంది అన్నదీ లెక్కే. చిన్న ముక్కైతే న్యూట్రాన్లు పక్కదాన్ని తాకకుండానే బయటికి జారిపోతాయి. పొడవాటి సన్నటి గొట్టంలో పోస్తే గోడల్లోంచి పోతాయి. గుండ్రటి పాత్రలో పోస్తే లోపలే తిరుగుతాయి. చుట్టూ నీళ్లుంటే కొన్ని తగిలి వెనక్కి వస్తాయి.

ఇది 1999 సెప్టెంబరు 30న జపాన్‌లోని టొకాయ్‌మురాలో జరిగింది. ఒక ఇంధన కర్మాగారంలో ఇద్దరు పనివాళ్లు యురేనియం ద్రావణాన్ని స్టీలు బకెట్లతో ఒక వెడల్పాటి తొట్టెలో పోస్తున్నారు. సన్నటి పాత్రల ద్వారా వెళ్లాల్సిన ద్రావణం అది. పని త్వరగా అవుతుందని ఆ దారి తప్పించారు. తొట్టెలో పరిమితి 2.4 కిలోల యురేనియం. పోస్తూ పోస్తూ 16 కిలోలు దాటింది. బకెట్‌లో ఉన్నంతసేపూ ఆ ద్రావణం వాళ్లని ఏమీ చెయ్యలేదు. అదే రంగు, అదే యురేనియం, అవే కేంద్రకాలు తమ మానాన తాము క్షయం చెందుతున్నాయి. చివరి బకెట్ వంచుతుండగా నీలం రంగు మెరుపు కనిపించింది. పదార్థం మారలేదు, పాత్ర మారింది. శృంఖల చర్య దాదాపు 20 గంటలు నడిచింది. దాన్ని ఆపడానికి తొట్టె చుట్టూ ఉన్న చల్లార్చే నీళ్లు ముందు తీసేశారు, తిరిగొచ్చే న్యూట్రాన్లు తగ్గాలని. ఆ తర్వాత న్యూట్రాన్లని మింగే బోరిక్ ఆమ్లం పోశారు. పోసిన ఇద్దరూ తర్వాతి నెలల్లో చనిపోయారు.

బావ భయపడిన 'స్థాయి' ఇదే. ఆ స్థాయి నిజంగా ఉంది, అయితే అది విచ్ఛిత్తికి మాత్రమే. అయోడిన్‌ని కొండంత కుప్ప పోసినా దానికి ఆ స్థాయి రాదు. రేడియోధార్మికత ఉండటం వేరు, శృంఖల చర్య నడపగలగడం వేరు. యురేనియం-235 అంత బద్ధకంగా క్షయం చెందేది, నెమ్మదైన న్యూట్రాన్ తగిలితే చాలు చీలిపోతుంది. దాని తోబుట్టువు యురేనియం-238, ప్రకృతిలో నూటికి 99 పాళ్లు ఉండేది, నెమ్మదైన న్యూట్రాన్‌కి చీలదు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ గీత మధ్యలో ఒకచోట చెరిగిపోతుంది. న్యూట్రాన్ తగలకుండానే కొన్ని బరువైన కేంద్రకాలు వాటంతటవే రెండుగా చీలుతాయి. 1940లో ఫ్ల్యోరొవ్, పెట్ర్జాక్ అనే సోవియట్ యువకులు దీన్ని గమనించి, అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల కాదని తేల్చుకోవడానికి పరికరాన్ని మాస్కో మెట్రోలో భూగర్భ స్టేషన్‌కి తీసుకెళ్లి కొలిచారు. యురేనియం-238 దాదాపు 20 లక్షల సార్లు మారితే అందులో ఒకసారి ఇలా చీలుతుంది. దీన్ని క్షయంలో ఒక రకంగానే లెక్కిస్తారు. అందుకే 'చీలడం', 'పెచ్చు ఊడటం' అన్నది కూడా అసలు గీత కాదంటాను. తనంతట తాను మారడం, పక్కవాడి దెబ్బకి మారడం. గీత అక్కడ గియ్యాలి.

ఇక్కడి నుంచే ఈ విషయం నాకు పాఠం కంటే పెద్దదిగా కనిపిస్తుంది. రెండూ వేరే అయినా, రియాక్టర్‌లో ఒకదాని ముక్కు తాడు ఇంకోదాని చేతిలో ఉంది. విచ్ఛిత్తిలో పుట్టిన ముక్కల్లో న్యూట్రాన్లు అవసరానికి మించి ఉంటాయి కాబట్టి దాదాపు అవన్నీ రేడియోధార్మికాలే, బీటా క్షయం చెందుతాయి. వాటిలో కొన్ని, అలా మారాక, ఆలస్యంగా ఒక న్యూట్రాన్‌ని వదులుతాయి. యురేనియం-235 విచ్ఛిత్తిలో వచ్చే న్యూట్రాన్లలో ఇవి నూటికి 0.65 మాత్రమే. కొన్ని సెకన్లు, కొన్నిసార్లు నిమిషం దాటాక వస్తాయి. ఈ కాస్త ఆలస్యం లేకపోతే ఏమయ్యేదో చూడండి. ఒక తరం న్యూట్రాన్ల నుంచి తర్వాతి తరానికి సెకనులో 10,000వ వంతు పడుతుందనుకుందాం. ప్రతి తరం ముందు తరం కంటే 0.1 శాతం పెరిగినా, ఒక్క సెకనులో శక్తి 22,000 రెట్లవుతుంది. ఏ మనిషీ, ఏ యంత్రమూ దాన్ని అందుకోలేదు. ఆలస్యంగా వచ్చే ఆ 0.65 శాతం వల్లే పెరుగుదల నిదానిస్తుంది, న్యూట్రాన్లని మింగే కంట్రోల్ రాడ్లు కదిపే వ్యవధి దొరుకుతుంది. వెలిగే ప్రతి అణు దీపం వెనకా, ఎవరి మాటా వినని క్షయం ఒకటి తన వేళకి తాను న్యూట్రాన్లు వదులుతూ ఉంది.

అదే క్షయం ఎదురు కూడా తిరుగుతుంది. 1944 సెప్టెంబరులో అమెరికాలోని హాన్‌ఫర్డ్‌లో కొత్త రియాక్టర్ మొదలైన కొన్ని గంటలకే శక్తి దానంతటదే పడిపోయి ఆగిపోయింది. మళ్లీ కొన్ని గంటలకి దానంతటదే తేరుకుంది. విచ్ఛిత్తిలో పుట్టిన అయోడిన్-135 క్షయం చెంది జీనాన్-135 అవుతోందని, అది న్యూట్రాన్లని విపరీతంగా మింగేస్తోందని, అది కూడా 9 గంటల అర్ధాయువుతో మారిపోయాక మళ్లీ దారి తెరుచుకుంటోందని ఫెర్మీ, వీలర్ తేల్చారు. చెర్నోబిల్‌లో 1986 ఏప్రిల్ 26న, అర్ధరాత్రి దాటాక, శక్తిని మరీ తగ్గించినప్పుడు పేరుకున్నదీ ఈ జీనానే. దాన్ని అధిగమించడానికి రాడ్లని హద్దు మీరి పైకి లాగేశారు. ఆ రియాక్టర్ డిజైన్ లోపం తోడై, కొన్ని సెకన్లలో శక్తి అదుపు తప్పింది. చెర్నోబిల్‌ది విచ్ఛిత్తి ప్రమాదం, గుణకారం పగ్గాలు తెంచుకోవడం.

ఫుకుషిమాది అది కాదు. అది ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. 2011 మార్చి 11 మధ్యాహ్నం భూకంపం రాగానే నడుస్తున్న మూడు రియాక్టర్లలోనూ రాడ్లు దిగాయి, శృంఖల చర్య ఆగింది. ఆపాల్సింది సరిగ్గా ఆపారు. సునామీ ముంచెత్తి డీజిల్ జనరేటర్లు పనిచెయ్యడం మానేసేటప్పటికి విచ్ఛిత్తి ఆగి దాదాపు 50 నిమిషాలు. అయినా ఇంధనం కరిగింది. ఎందుకంటే ముక్కల క్షయాన్ని ఆపే రాడ్ ఏదీ లేదు. రియాక్టర్ ఆపిన క్షణాన దాని వేడిలో ఆరేడు శాతం మిగిలే ఉంటుంది, గంట తర్వాత ఒకటిన్నర శాతం దాకా. వినడానికి చిన్న సంఖ్యే. 2, 3 నంబర్ల రియాక్టర్లు ఒక్కొక్కటీ పూర్తి శక్తిలో 2,381 మెగావాట్ల వేడినిచ్చేవి. అందులో ఒకటిన్నర శాతమంటే 30 మెగావాట్లకి పైనే. మరుగుతున్న నీటిని సెకనుకి 13 లీటర్ల చొప్పున ఆవిరి చేసేంత. నీళ్లు తోడే పంపుకి కరెంటు లేదు. తర్వాతి రోజుల్లో మనం టీవీలో చూసిన పేలుళ్లు కూడా అణు పేలుళ్లు కావు. వేడెక్కిన జిర్కోనియం గొట్టాలు ఆవిరితో చర్య జరిపి పుట్టించిన హైడ్రోజన్ పేలడం అది. ఆ రోజుల్లో వార్తల్లో "అణుబాంబులా పేలుతుందా?" అని మాటిమాటికీ అడుగుతుంటే నాకు కడుపు రగిలిపోయింది. అడగాల్సిన ప్రశ్న "నీళ్లు అందుతున్నాయా?" అన్నది.

అణు విద్యుత్తు మీద వాదించేవాళ్లు రెండు వైపులా ఇక్కడే తడబడతారు. "సెకన్లలో ఆపెయ్యగలం, ఇంక భయమెందుకు" అనేవాళ్లు విచ్ఛిత్తి గురించి నిజం చెబుతూ క్షయాన్ని దాటేస్తారు. రియాక్టర్‌ని ఆపడం ప్రమాదాన్ని సగమే ఆపడం. మిగతా సగానికి రోజులు, నెలలు నీళ్లు పట్టాలి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇంధనాన్ని నీటి కొలనుల్లో ఉంచాలి. కొత్త ఇంధన బిళ్లని గ్లౌజు వేసుకుని చేత్తో పట్టుకోవచ్చు. అలాంటి బిళ్లలు నింపిన ఇంధన కట్ట రియాక్టర్‌లోంచి బయటికొచ్చాక అడ్డు లేకుండా దాని దగ్గర నిలబడితే నిమిషాల్లో ప్రాణం తీసేంత మోతాదు తగులుతుంది. అందులోని సీసియం-137 సగమవడానికి 30 ఏళ్లు, ప్లుటోనియం-239కి 24,000 ఏళ్లు. అటువైపు, రేడియేషన్ అన్న ప్రతిదాన్నీ పేలబోయే బాంబులా చూసేవాళ్లు విచ్ఛిత్తి భయాన్ని తీసుకొచ్చి క్షయం మీద రుద్దుతారు. దాంతో ఆస్పత్రిలో మందు వేసుకున్న మనిషిని అంటరానివాడిలా చూస్తారు.

కూడిక కాబట్టి క్షయం మెతకదని కూడా నేననను. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో, మూతపడ్డ చికిత్సా కేంద్రంలో వదిలేసిన సీసియం యంత్రాన్ని పాత ఇనుము కోసం విప్పారు. లోపలి పొడి చీకట్లో నీలంగా వెలుగుతోందని ఇళ్లకి తీసుకెళ్లి, పంచుకుని, ఒంటికి రాసుకున్నారు. నలుగురు చనిపోయారు, అందులో ఒక చిన్న పాప. అక్కడ శృంఖల చర్య లేదు, మెరుపు లేదు, పేలుడు లేదు. ఒక్కొక్క కేంద్రకమే, ఒంటరిగా, తన వేళకి. క్షయానికి కావలసిన జాగ్రత్త వేరు: దూరం, అడ్డుగోడ, కాలం. రాడ్లూ, బోరిక్ ఆమ్లమూ దానికి పనిచెయ్యవు. ఏది దేనికి పనిచేస్తుందో తెలియాలంటే ముందు ఏది ఏదో తెలియాలి. పాఠ్యపుస్తకాల్లోని ఆ పట్టికని చింపెయ్యమని నేను అనేది ఇందుకే. దాని స్థానంలో రెండే ప్రశ్నలు రాయించండి. పక్క కేంద్రకం ఉండటం వల్ల దీనికేమైనా తేడా వస్తుందా? దీన్ని మనం ఆపగలమా?

అక్క ఇంటికొచ్చిన మర్నాడు వెళ్లాను. వేరే గదిలో కూర్చుని తలుపు దగ్గర నిలబడ్డ పిల్లలతో మాట్లాడుతోంది. బావ నన్ను పక్కకి తీసుకెళ్లి అడిగారు, అయోడిన్-131 అర్ధాయువు 8 రోజుల్ని 4 రోజులు చేసే మందు లేదా అని. ఒంట్లోంచి త్వరగా బయటికి పోవడానికి నీళ్లు బాగా తాగమన్నారు కదా, అది చెయ్యండి, అర్ధాయువుని మాత్రం ఎవరూ మార్చలేరని చెప్పాను. పిల్లల్ని ఎప్పుడు దగ్గరికి తీసుకోవచ్చో డాక్టర్లు ఇచ్చిన తేదీనే పాటించమన్నాను.

ఆయన ఊరుకోలేదు. గోడ మీది క్యాలెండర్ తీసి, క్యాప్సూల్ మింగిన తేదీ గడిలో 100 అని రాశారు. ఎనిమిదేసి రోజులకొక గడి చొప్పున 50, 25, 12.5 అని రాసుకుంటూ పోయారు. పేజీలు తిప్పుతూ 80వ రోజు గడి దగ్గరికి వచ్చేసరికి అంకెలు మరీ చిన్నవైపోయాయని అక్కడ సున్నా పెట్టేశారు. నేను పెన్ను అడిగి తీసుకుని, ఆ సున్నా కొట్టేసి, 0.1 అని రాశాను.